చెట్టును చంపింది పురుగేనా?

యూనియన్ వార్షిక సంచికకు ఏదైనా వ్యాసం రాయమని సంపాదకవర్గం మిత్రులు అడిగారు. "దేని మీద రాస్తావు?" అన్నారు. "పురుగు మీద" అన్నాను. క్యాంటీన్‌లో ఆ బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరూ ఒక్కసారిగా నవ్వారు. నిరుద్యోగం ఉంది, పరీక్షల గందరగోళం ఉంది, బస్సు పాసుల బాధ ఉంది, ఇన్ని సమస్యలుండగా నీకు పురుగే దొరికిందా అని ఒక మిత్రుడు ఎగతాళి చేశాడు. హాస్టలు అన్నంలోనూ పురుగులుంటాయి గదా, ఆ విధంగా చూస్తే ఇదీ విద్యార్థి సమస్యే అని ఇంకొకాయన నన్ను ఆదుకోబోయాడు.

నవ్వినవారిని నేను తప్పుపట్టను. కొన్నేళ్ళ కిందట అయితే వాళ్ళతోపాటు నేనూ నవ్వేవాణ్ణే. కానీ ఒక చిన్న పురుగు విషయంలో నేను చేసిన పొరపాటు నా చేత ఈ వ్యాసం రాయిస్తున్నది. ఆ పొరపాటు చేసింది చదువురానివాడు కాదు, సైన్సు చదివినవాడు. అందుచేత అది ఈ సంచిక చేతిలోకి తీసుకునే విద్యార్థులకూ, అధ్యాపకులకూ, పూర్వవిద్యార్థులకూ కూడా సంబంధించిన విషయమే అని నా నమ్మకం.

మా వాకిట్లో వేపచెట్టు

మాది శామీర్‌పేట పక్కన లాల్‌గడి మలక్‌పేట్. ఒకప్పుడు ఈ తట్టు ద్రాక్షతోటలకు పేరుపడ్డది. ఇప్పుడు రాజీవ్ రహదారి మీద తుర్కపల్లి వైపు పోతుంటే జీనోమ్ వ్యాలీలోని మందుల కంపెనీలు, టీకాల కంపెనీలు, వాటి నడుమ ప్లాట్ల వెంచర్లు కనిపిస్తాయి. అయినా ఎర్ర చెల్కలు ఇంకా పూర్తిగా పోలేదు. వాటి గట్ల మీద తుమ్మలు, మోదుగలు, సీతాఫలం పొదలు ఉన్నాయి. పాత ఇళ్ళ ముందర వేపలున్నాయి.

మా చిన్నతనంలో తొలకరి పడగానే తుమ్మచెట్ల మీద బంగారు పురుగులు వచ్చేవి. కొన్ని ప్రాంతాలలో జీరంగి అంటారట. పట్టులాగా మెరిసే ఆకుపచ్చ వీపు. దాన్ని పట్టి అగ్గిపెట్టెలో పెట్టి తుమ్మాకు మేపేవాళ్ళం. దారం కట్టి వదిలితే జుయ్యిమని చుట్టూ తిరిగేది. అగ్గిపెట్టెలో గుడ్లు పెడితే ఎవరి పురుగు ఎన్ని పెట్టిందని లెక్కలేసుకునేవాళ్ళం. మా తరగతిలో ఆ పురుగు లేని పిల్లవాడు లేడంటే అతిశయోక్తి కాదు. ఆ పురుగుకు ప్రపంచమంతటా చుట్టరికముందనీ, దాని చిన్న దాయాదులు కొన్ని మా వాకిట్లో చెట్టుకొమ్మలోనే కాపురముంటున్నాయనీ మాకు అప్పుడు తెలియదు.

2021 వర్షాకాలం చివర మా వేపచెట్టు ఎండిపోవడం మొదలుపెట్టింది. మాదొక్కటే కాదు, ఆ ఏడు తెలంగాణలో ఎక్కడ చూసినా వేపలు కొసల నుంచి మాడిపోయి, నిప్పు సోకినట్టు గోధుమరంగుకు తిరిగాయి. ఊళ్ళో రకరకాల మాటలు పుట్టాయి. ఎవరో సెల్ టవర్ అన్నారు. ఇంకెవరో కరోనా చెట్లకు కూడా పట్టిందన్నారు. నేను అప్పుడే ఇంటర్ బైపీసీ పూర్తిచేసి డిగ్రీలో చేరబోతున్నాను. మా బాపు నన్ను పిలిచి, "నువ్వు చదువుకున్నోనివి గదా, ఏమైందో చూడరాదు" అన్నాడు.

నేను చూశాను. కింది కొమ్మ ఒకటి ఎప్పుడో ఎండి ఉంది. దాని బెరడు గోటితో గీరితే పెళ్ళలుగా ఊడింది. లోపల వంకరటింకరగా బాటలు, బాటల నిండా మెత్తని పొట్టు, కోడిగుడ్డును పక్కకు పండబెట్టినట్టుండే చిన్న రంధ్రాలు. ఒక రంధ్రం దగ్గర వేలిగోరంత పురుగు దొరికింది. పైన రాగిరంగు, రెక్కలు విప్పితే అడుగున నీలాల మెరుపు. ఇంకేం కావాలి? దొంగ వస్తువుతో సహా దొరికాడనుకున్నాను. "ఈ పురుగే చెట్టును తిన్నది, ఇక బతకదు, కొట్టేస్తే పక్క చెట్లకైనా అంటుకోదు" అని తీర్పు చెప్పాను.

మా తాత మాత్రం ఒప్పుకోలేదు. "తొందరెందుకు బిడ్డా, ఎండకాలం పోనీ. వేప అంత అల్కగా చావదు" అన్నాడు. చదువుకున్నవాడి మాట ముందు తాత మాట నిలవలేదు. కోతమిషన్ వచ్చింది, ఒక పూటలో పని అయిపోయింది. కొట్టినంక చూస్తే మొద్దు లోపల కలప పచ్చిగా, తడిగా, ఆరోగ్యంగా ఉంది. పురుగు బాటలు ఆ ఎండిన కొమ్మ దాటి ఒక్క అంగుళం కూడా లోపలికి రాలేదు.

మా ఎదురింటివాళ్ళు కూలి డబ్బులు చూసుకుని తమ చెట్టు కొట్టించడం వాయిదా వేసుకున్నారు. 2022 ఏప్రిల్ 2న ఉగాది. ఆ చెట్టు చిగురువేసి, కొద్దిగానే అయినా పూత పూసింది. మా అమ్మ పచ్చడికి వేపపువ్వు కోసం గిన్నె పట్టుకుని ఎదురింటికి పోయింది. ఏటా నలుగురికి పువ్వు పంచిన ఇల్లు మాది. ఆ రోజు తాత నన్నేమీ అనలేదు. ఆయన ఏదైనా అని ఉంటే నాకు కొంత తేలికగా ఉండేదేమో.

అసలు దోషి ఎవరు?

వేపలను మాడ్చింది పురుగు కాదు. ఫోమాప్సిస్ అజాడిరాక్టే అనే శిలీంద్రం. కొమ్మల కొసలు ముందు ఎండి, ఎండు కిందికి దిగుతూ వస్తుంది కాబట్టి దాన్ని కొసల ఎండు తెగులు అనవచ్చు. మన వ్యవసాయ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ఆ సంగతి అప్పుడే పత్రికల ద్వారా చెప్పారు. రసం పీల్చే తేయాకు దోమ కూడా కొన్నిచోట్ల తోడైంది. ఎండిన కొసలు కత్తిరించి, శిలీంద్రనాశని పిచికారీ చేయమన్నారే కాని చెట్లు నరకమని వాళ్ళు చెప్పలేదు. చాలా చెట్లు మళ్ళీ చిగిర్చాయి. ఓపిక పట్టలేక కొట్టేసుకున్నవాళ్ళకే చెట్లు లేకుండా పోయాయి.

మరి ఆ రాగిరంగు పురుగు అక్కడ ఏం చేస్తున్నట్టు? ఈ ప్రశ్నకు సమాధానం నాకు రెండేళ్ళ తరువాత కీటకశాస్త్రం క్లాసులో దొరికింది. నేను సీసాలో దాచుకున్న ఆ పురుగును చూసి మా సారు, "ఇది బ్యూప్రెస్టిడే కుటుంబం, మీ బంగారు పురుగు చుట్టమే" అన్నారు. ఆయన ఇంకొక మాట కూడా అడిగారు. "చావు జరిగిన ఇంటికి వచ్చినవాళ్ళందరూ హంతకులేనా?"

నా వ్యాసమంతా నిజానికి ఆ ఒక్క ప్రశ్నలోనే ఉంది.

కట్టెలో కాపురం

బ్యూప్రెస్టిడే కుటుంబంలో సుమారు 15,000 జాతులను శాస్త్రజ్ఞులు గుర్తించారు. వీటిలో అగ్రిలస్ అనే ఒక్క ప్రజాతిలోనే 3,000 పైచిలుకు జాతులున్నాయి. జంతులోకం మొత్తంలో ఇన్ని జాతులున్న ప్రజాతి మరొకటి లేదంటారు. మనం అగ్గిపెట్టెలో పెంచిన తుమ్మ పురుగు ఈ కుటుంబంలో పెద్దది. దాని పిల్లపురుగు నేలలో ఉండి వేళ్ళను తింటుంది. చిన్నవాటిలో చాలా వాటికి కట్టే ఇల్లు, కట్టే తిండి.

తల్లిపురుగు బెరడు పగుళ్ళలో గుడ్లు పెడుతుంది. గుడ్డు నుంచి వచ్చిన పిల్లపురుగుకు కాళ్ళుండవు, కళ్ళుండవు. తల వెనుక భాగం మాత్రం వెడల్పుగా, చదునుగా, నాగుపాము పడగలాగా ఉంటుంది. అందుకే అది తొలిచే బాట గుండ్రంగా కాక చదునుగా ఉంటుంది. తిన్నంత తిని వెనక్కి పొట్టు నింపుకుంటూ ముందుకు జరుగుతుంది. కట్టెలో సత్తువ చాలా తక్కువ, మాంసకృత్తులు మరీ తక్కువ. గడ్డిపోచలు తిని బొజ్జ నింపుకోవలసిన వాడికి ఎంతకాలం పడుతుందో అంతకాలం దానికీ పడుతుంది. సాధారణంగా ఒక ఏడాది నుంచి మూడేళ్ళ దాకా చీకట్లోనే బతుకు. తరువాత కోశదశ. చివరకు మెరిసే రెక్కలతో బయటకు వచ్చి వెలుతురులో కొన్ని వారాలుంటుంది.

ఎండిన కలపలో తిండి మరీ కరువైతే ఈ ఎదుగుదల ఇంకా సాగుతుంది. ఉత్తర అమెరికాలో బంగారురంగు బ్యూప్రెస్టిస్ అనే జాతి, ఇంటికి వాడిన కలపలో నుంచి 51 ఏళ్ళ తరువాత బయటకు వచ్చిన ఉదాహరణ నమోదై ఉంది. ఎమ్మెస్సీ రెండేళ్ళు ఎప్పుడు గడుస్తాయా అని వాపోయే మనం ఆ పురుగు ఓపికకు ఒక్కసారి నమస్కారం పెట్టాలి.

దాని మెరుపు సంగతి వేరే చెప్పాలి. ఆ రంగు రంగు కాదు, అంటే పూసిన వర్ణద్రవ్యం కాదు. గట్టి రెక్కల పైపెంకులో అతి పలుచని పొరలు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉంటాయి. వాటి మీద పడిన వెలుతురు ఒక్కో పొర నుంచి తిరిగివచ్చి, కొన్ని రంగులు ఒకదానినొకటి బలపరచుకొని, కొన్ని అణగిపోతాయి. సబ్బు బుడగ మీది రంగులకూ మూలం ఇదే. పొర ఉన్నంతకాలం రంగు ఉంటుంది. జపాన్‌లోని నారా దగ్గర హోర్యూజి ఆలయంలో 7వ శతాబ్దంనాటి చిన్న మందిరం ఒకటి ఉంది. దాన్ని ఈ కుటుంబపు పురుగుల రెక్కలతో అలంకరించారు. మన దేశంలోనూ ఈ రెక్కలను బట్టల మీద జరీతోపాటు కుట్టేవారు. 19వ శతాబ్దంలో ఆ పనితనానికి ఇంగ్లండులో గిరాకీ ఉండేది. 1888లో నటి ఎలెన్ టెర్రీ లేడీ మాక్‌బెత్ పాత్రకు ధరించిన ఉడుపు మీద వందల కొద్దీ పురుగురెక్కలు తళతళలాడాయి. మరుసటి ఏడు సార్జెంట్ అనే చిత్రకారుడు ఆ ఉడుపుతోనే ఆమె చిత్రం వేశాడు. రాణులకు నగగా పనికివచ్చిన పురుగు మన కంటికి మాత్రం చీడగానే కనిపించడం విచిత్రం.

పిలిస్తేనే వచ్చే అతిథి

ఇక అసలు విషయానికి వస్తాను. కట్టె తొలిచే ఈ చిన్న పురుగులలో అత్యధిక భాగం ఆరోగ్యంగా ఉన్న చెట్టు జోలికి పోవు. పోయినా నిలవలేవు. బలమైన చెట్టు జిగురు కార్చి, విషపదార్థాలు పుట్టించి, గాయం చుట్టూ కొత్త కణజాలం పెంచి పిల్లపురుగును ఎక్కడికక్కడ అణచివేస్తుంది. చెట్టు నీరు అందక, వేళ్ళు తెగి, తెగులు సోకి, ఎండదెబ్బ తిని నీరసించినప్పుడు దాని వాసన మారుతుంది. ఆ వాసన పట్టుకొని పురుగు వస్తుంది. ఈ కుటుంబంలోనే మెలనోఫిలా అనే ప్రజాతికి ఇంకా వింతైన శక్తి ఉంది. నడిమి కాళ్ళ దగ్గరుండే గుంటలతో అది దూరపు మంట వేడిని పసిగట్టి, అడవి కాలినచోటికి వెళ్ళి, కాలిన చెట్లలో గుడ్లు పెడుతుంది. 1925లో కాలిఫోర్నియాలో చమురు ట్యాంకులు తగలబడితే ఆ మంట చుట్టూ ఈ పురుగులు కుప్పలుగా వచ్చి పడ్డాయి.

అంటే పురుగు రావడం ఒక వార్త. అది చెట్టుకు ముందే ఏదో జరిగిందని చెప్పే వార్త. మా ఊళ్ళో రోడ్డు వెడల్పు చేసినప్పుడు చింతచెట్ల వేళ్ళు తెగాయి. వెంచర్ల కోసం మట్టిపోసి కొన్ని తుమ్మల మొదళ్ళు మూడడుగుల లోతున పూడ్చారు. కొన్నిచోట్ల మొదలు చుట్టూ సిమెంటు పోసి గాలి, నీరు రెండూ ఆపారు. ఆ తరువాత మూడునాలుగేళ్ళకు చెట్టు ఎండుతుంది, పురుగు చేరుతుంది. మనం బెరడు ఊడదీసి, "ఇదిగో పురుగు" అంటాం. ఉత్తరం తెచ్చిన పోస్టుమ్యాన్‌ను పట్టుకుని కొట్టినట్టు.

పురుగు మీద నేరం మోపడంలో మనకొక సౌకర్యముంది. పురుగు దోషి అయితే ఆ సిమెంటు పోసినవారిని ఎవరూ అడగరు. మట్టి పోసినవారిని అడగరు. తొందరపడి తీర్పు చెప్పిన బైపీసీ విద్యార్థినీ అడగరు.

ఎదుటిపక్షం వాదన

ఇంతవరకు చదివిన వ్యవసాయ కుటుంబాల మిత్రులు ఊరుకోరని నాకు తెలుసు. "మా వేరుశనగను తినే పురుగు సంగతి ఏమిటి?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. స్ఫెనోప్టెరా అనే పురుగు ఈ కుటుంబానిదే. దాని పిల్లపురుగు వేరుశనగ వేరులోనూ కాండంలోనూ తొలుచుకుపోతే పచ్చని మొక్క నిలువునా వాడిపోతుంది. వానలు వెనకబడిన ఏడాది రైతుకు అది మరో దెబ్బ. దాన్ని అదుపు చేయవలసిందే. రైతు నోటికాడి కూడు తీసి పురుగుకు పెట్టమని నేను చెప్పడం లేదు.

ఇంకా పెద్ద ఉదాహరణ అమెరికాది. పచ్చగా మెరిసే ఒక అగ్రిలస్, అర అంగుళం కూడా ఉండీ ఉండని పురుగు, తూర్పు ఆసియా నుంచి వెళ్ళి 2002లో మిషిగన్ రాష్ట్రంలోని డెట్రాయిట్ దగ్గర బయటపడింది. అప్పటినుంచి కోట్ల యాష్ చెట్లను అది నేలకూల్చింది. వీధులకు వీధులే బోడిగా మిగిలాయి. ఇది చిన్న నష్టం కాదు.

కానీ ఆ కథను చివరిదాకా చదవాలి. తన సొంత గడ్డ మీద ఆ పురుగు ముఖ్యంగా నీరసించిన చెట్లనే పడుతుంది. అక్కడి యాష్ జాతులు దానితో కలిసి యుగాలుగా బతికినవి కాబట్టి తట్టుకోగలవు. దాన్ని వేటాడే చిన్న కందిరీగలూ అక్కడున్నాయి. సరుకుల పెట్టెలకు వాడిన పచ్చి కలపలో దాన్ని సముద్రం దాటించింది వ్యాపారమని నిపుణుల అంచనా. ఎదుర్కొనే శక్తి లేని చెట్ల మధ్య, శత్రువులు లేనిచోట విడిచిపెట్టిందీ అదే. పురుగు తన స్వభావాన్ని మార్చుకోలేదు. దాని చోటును మనిషి మార్చాడు.

ఆస్ట్రేలియాలో ఇంకో సంగతి జరిగింది. అక్కడి ఒక పెద్ద జాతి మగపురుగులు, రోడ్డు పక్కన పారేసిన గోధుమరంగు బీరుసీసాలను ఆడపురుగులనుకొని వాటిని అంటిపెట్టుకుని ఎండలో మాడి చచ్చిపోయేవి. సీసా అడుగున ఉండే బుడిపెలు, ఆ మెరుపు వాటిని మోసగించాయి. ఇద్దరు శాస్త్రజ్ఞులు 1983లో దీన్ని ప్రకటించారు. 2011లో వాళ్ళకు నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ బహుమతి వచ్చింది. నవ్వడానికి బాగానే ఉంది. కానీ సీసా పారేసింది ఎవరన్నది కూడా ఆలోచించాలి.

పురుగు నుంచి పాలపిట్ట దాకా

దసరా నాడు జమ్మికి పోయి, పాలపిట్టను చూసి రావడం మన ఆచారం. 2014లో తెలంగాణ దాన్ని రాష్ట్రపక్షిగా ఎంచుకుంది. ఆ రోజు ఊరి బయట తీగల మీద, కొమ్మల మీద వెతుకుతాం. కనిపిస్తే ఏడాదంతా జయమని సంబరపడతాం. అయితే పాలపిట్ట పిల్లల్ని ఎక్కడ పెడుతుందో ఎంతమందికి తెలుసు? చెట్టు తొర్రలో. దాని ముక్కు తొర్ర తొలచగల ముక్కు కాదు. కొమ్మ ఊడి పుచ్చిపోయిన తొర్రనో, వడ్రంగిపిట్ట తొలిచి వదిలిన తొర్రనో వెతుక్కుంటుంది. రామచిలుకలు, గోరింకలు, పగిడికంటెలు కూడా తొర్రల కోసం పోటీపడేవే.

వడ్రంగిపిట్ట ఎక్కడ తొలుస్తుంది? పుచ్చి మెత్తబడిన కట్టెలో ఎక్కువ. కట్టె ఎందుకు మెత్తబడింది? చేవదేరిన కలపను ఒక్కసారిగా కుళ్ళబెట్టడం శిలీంద్రానికి కష్టం. పురుగు తొలిచిన బాటల వెంట తడి, గాలి, శిలీంద్రబీజాలు లోపలికి వెళతాయి. పురుగు పొట్టు చేసిన కట్టె తొందరగా మట్టి అవుతుంది. ఆ పురుగు కోసమే వడ్రంగిపిట్ట చెట్టును టకటక కొడుతుంది. అంటే ఎండిన చెట్టులో పురుగు లేకపోతే వడ్రంగికి తిండి తగ్గింది. వడ్రంగి లేకపోతే తొర్రలు తగ్గాయి. తొర్రలు తగ్గితే దసరా నాడు మనం వెతికే పిట్టకు కాపురం కరువైంది.

ఇంతటితో అయిపోలేదు. పురుగు బయటికి పోయిన రంధ్రం ఖాళీగా ఉండదు. ఆకులను గుండ్రంగా కత్తిరించి మోసుకుపోయే మెగాకైల్ జాతి ఒంటరి తేనెటీగలు అటువంటి రంధ్రాలలో గూళ్ళు కడతాయి. మన చెల్కలలో కందిపూలకు వచ్చే ముఖ్యమైన ఈగలలో ఇవి ఉన్నాయి. నల్లగా నిగనిగలాడే పెద్ద తుమ్మెద కూడా ఎండుకట్టెలోనే గూడు తొలుచుకుంటుంది. మన కవులు వేల పద్యాలలో తుమ్మెదను పువ్వు మీద కూర్చోబెట్టారు గానీ, అది రాత్రిపూట పడుకునే ఎండుకట్టెను ఎవరూ పట్టించుకోలేదు.

ఫిన్లాండు దేశంలో లెక్కలు తీస్తే, అక్కడి అటవీ జీవజాతులలో 20 నుంచి 25 శాతం దాకా చచ్చిన కట్టె మీద ఏదో ఒక విధంగా ఆధారపడ్డవేనని తేలింది. అక్కడ అడవులను మరీ శుభ్రంగా ఉంచినందువల్ల ఆ జాతులలో ఎన్నో ప్రమాదంలో పడ్డాయి. ఇప్పుడు కలప నరికేటప్పుడే కొన్ని చెట్లను ఎత్తైన మొద్దులుగా, ఎండిన మానులుగా కావాలని వదులుతున్నారు. పోగొట్టుకున్నాక తెలుసుకున్న పాఠం అది. మనం పోగొట్టుకోకముందే నేర్చుకోవచ్చు.

మన ఆవరణలోనే మొదలుపెడదాం

మన కాలేజీ ఆవరణలో ప్రతి ఏటా మొక్కలు నాటుతున్నాం. ఫోటోలు దిగుతున్నాం. చాలా మంచి పని. అదే వారంలో "పరిశుభ్రత" పేరుతో ఎండిన చెట్లను మొదలంటా తీసేసి, రాలిన కొమ్మలను కుప్పవేసి తగలబెడుతున్నాం. పుట్టినవాటికి వేడుక చేసి, చచ్చినవాటిని కంటబడకుండా చేస్తే అది తోట అవుతుందేమో గానీ ప్రకృతి కాదు. పచ్చగా ఉన్నదొక్కటే ప్రాణమున్నదని మనం అనుకుంటున్నాం. ఎండిన మానులో పచ్చి మాను కంటే తక్కువ కాపురాలు లేవు.

నేను ఊళ్ళోని పేదవారికి నీతులు చెప్పడం లేదు. వంటచెరుకు కోసం ఎండుకొమ్మలు ఏరుకునే తల్లికి ఆ కట్టె మీద హక్కు నా పురుగు కంటే ముందుది. తోటలో తెగులు సోకిన కొమ్మలను తీసి కాల్చే రైతును కూడా ఆగమనను. నేను అడుగుతున్నది ఎకరాల కొద్దీ స్థలమున్న విద్యాసంస్థలను, వంటచెరుకు అవసరం లేని మనలను.

అందుచేత యూనియన్ ముందు ఒక చిన్న ప్రతిపాదన పెడుతున్నాను. దీనికి నిధులు అక్కరలేదు, ప్రారంభోత్సవానికి మంత్రిగారు అక్కరలేదు. ఆటస్థలం వెనుక, మనుషులు నడిచే దారికి దూరంగా ఒక ఎండిన తుమ్మ ఉంది. విరిగిపడే ప్రమాదమున్న పైకొమ్మలు తీసేద్దాం. రెండు నిలువుల ఎత్తు మాను అలాగే ఉంచుదాం. తీసిన కొమ్మలను కాల్చకుండా దాని మొదట్లో పేర్చుదాం. ఒక పలక కడదాం: "ఈ చెట్టును కొట్టకండి, ఇందులో కాపురాలున్నాయి." జంతుశాస్త్రం, వృక్షశాస్త్రం విద్యార్థులు నెలకొకసారి వెళ్ళి ఏ రంధ్రం కొత్తగా వచ్చింది, ఏ పిట్ట వాలింది, ఏ పుట్టగొడుగు మొలిచింది ఒక నోటుపుస్తకంలో రాయాలి. చదువు ముగించి వెళ్ళేవాళ్ళు ఆ పుస్తకాన్ని జూనియర్లకు అప్పగించాలి. పదేళ్ళయ్యేసరికి మన దగ్గర ఏ గ్రంథాలయంలోనూ దొరకని పుస్తకం ఒకటి తయారవుతుంది. పూర్వవిద్యార్థులు ఎప్పుడైనా వచ్చినప్పుడు తాము రాసిన పేజీ తిరగేసి చూసుకోవచ్చు.

ఇక రెండో ప్రతిపాదన ఇంకా తేలికైనది. ఏ చెట్టునైనా "చచ్చింది" అని కొట్టించే ముందు ఒక ఎండకాలం, ఒక వానకాలం ఆగుదాం. బెరడు గీరి లోపల పచ్చి ఉందేమో చూద్దాం. పురుగు కనిపిస్తే, అది రాకముందు ఆ చెట్టుకు మనం ఏం చేశామో ఆలోచిద్దాం.

సైన్సు విద్యార్థులమైన మనకు పేర్లు బాగా వచ్చు. కుటుంబం, ప్రజాతి, జాతి అని గడగడ చెప్పగలం. కానీ కనిపించినదాన్ని చూసి వెంటనే కారణమనుకోకుండా కొంచెం ఆగడం, ఇంకొకసారి చూడడం అన్నది సిలబస్‌లో ఉన్నా మన అలవాటులోకి ఇంకా రాలేదు. మా తాతకు బ్యూప్రెస్టిడే తెలియదు. ఆగడం తెలుసు.

మా వాకిట్లో ఆ వేపమొద్దు ఇప్పటికీ ఉంది. పెరికించి గచ్చు వేయిద్దామని బాపు అంటే, ఈసారి నేను వద్దన్నాను. ఒక పక్క నుంచి నాలుగు చిగుళ్ళు వచ్చి ఇప్పుడు నా భుజం దాకా పెరిగాయి. ఇంకో పక్క ఎండి, దాని నిండా చిన్న చిన్న రంధ్రాలు పడ్డాయి. మొన్న సెలవుల్లో వెళ్ళినప్పుడు ఒక రంధ్రంలోకి ఒక ఈగ ఆకుముక్క పట్టుకుని దూరుతుంటే తాత, నేను గడపలో కూర్చుని చాలాసేపు చూశాం. "ఏం పురుగు బిడ్డా అది?" అన్నాడు తాత. ఈసారి తొందరపడి చెప్పలేదు. "చూద్దాం తాతా" అన్నాను.

– ఎం.ఎస్సీ. జంతుశాస్త్రం, ద్వితీయ సంవత్సరం